నా నాడి పట్టిన పదేళ్ల డాక్టర్

"ఇరవై నాలుగు ఇంటూ నాలుగు... తొంభై ఆరు. మిస్, ఇప్పుడే పరిగెత్తుకుంటూ వచ్చారా?"

నా మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, గోడ గడియారంలో 15 సెకన్లు చూసి, లెక్క కట్టి మరీ అడిగాడు ఆ బుడ్డోడు. వయసు పదేళ్లు. ఎండైనా, చలైనా ఒంటి మీద ఒకటే ఎర్ర హుడీ. అందుకే మనసులో వాడికి నేను పెట్టుకున్న పేరు కూడా అదే, ఎర్ర హుడీ.

పరుగా? నేను గంట నుంచి ఆ ప్లాస్టిక్ కుర్చీలోంచి లేస్తే ఒట్టు!

వాడి నాడి 84. నాది 96. మామూలుగా పిల్లల గుండె పెద్దవాళ్ల గుండె కంటే వేగంగా కొట్టుకుంటుంది. ఇక్కడ లెక్క తిరగబడింది.

"నీ గడియారం తప్పేమో చూసుకో" అన్నా.

"గడియారం నాది కాదు మిస్, గోడది" అన్నాడు.

అప్పటికి నవ్వేశా. ఆ రాత్రి మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు. నా నాడి సంగతి ఒకటైతే, వాడు నాతో అలా సరదాగా మాట్లాడటం ఇంకొకటి. ఎందుకంటే అంతకు మూడు వారాల ముందు వాడు ఆ గేటు దాటి లోపలికి రాకుండా చేసింది నేనే.

అదేంటో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

హైవేకి అవతల

నేను డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లెటూరు. ఇక్కడ మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండేది ఇర్వింగ్, ప్లానో, ఫ్రిస్కో వైపు. మా అపార్ట్‌మెంట్ నుంచి ఐదు నిమిషాలు డ్రైవ్ చేస్తే గోంగూర దొరుకుతుంది, ములక్కాడలు దొరుకుతాయి, ఆదివారం పొద్దున్నే వేడివేడి ఇడ్లీ కూడా దొరుకుతుంది.

ఊరి మధ్యలోంచి ఐ-30 అనే హైవే వెళ్తుంది. దానికి దక్షిణం వైపు ఇంకో డాలస్ ఉంది. అక్కడ ఎక్కువగా నల్లజాతి కుటుంబాలు, ఇంట్లో స్పానిష్ మాట్లాడే లాటినో కుటుంబాలు ఉంటాయి. నాలుగేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నా, అటు నేను వెళ్లింది ఒకే ఒక్కసారి. అదీ జీపీఎస్ తప్పు దారి చూపిస్తే.

మా ఆఫీసులో ఏడాదికి కొన్ని గంటలు వాలంటీర్‌గా పని చేస్తే మంచిదని చెప్తుంటారు. లిస్టులో 'స్కూల్ తర్వాత పిల్లలకి సైన్స్' అని కనబడితే టిక్ పెట్టా. కోడింగ్ నేర్పాలేమో అనుకున్నా. తీరా వెళ్తే అది బాస్కెట్‌బాల్ కోర్టు ఉన్న ఒక కమ్యూనిటీ సెంటర్. నేర్పేది తిండి గురించి, వ్యాయామం గురించి. అంటే మన శరీరం ఎలా పనిచేస్తుందన్న సైన్సు.

ఆ రాత్రి అమ్మకి వీడియో కాల్‌లో చెప్తే పడీపడీ నవ్వింది. "ఏంటే, పిల్లలకి ఆటలు నేర్పుతున్నావా? నీకే రావు కదే!"

నిజమే. నాకు రావు. ఆ సంగతి తర్వాత చెప్తా.

మైనారిటీ అంటే ఎవరు?

ఈ కార్యక్రమం నడిచేది మైనారిటీ పిల్లల ఆరోగ్యం కోసం. మన దగ్గర మైనారిటీ అంటే మతం గుర్తొస్తుంది. అమెరికాలో ఆ మాటకి అర్థం వేరు. తెల్లవాళ్లు కాని జాతులు అని. నల్లజాతివాళ్లు, లాటినోలు, ఈ నేల మూలవాసులు, ఇంకా ఆసియావాళ్లు. అంటే ఆ లిస్టులో నేనూ ఉన్నా. ఇన్నేళ్లూ ఫారాల్లో 'ఏషియన్' అని టిక్ పెడుతూనే ఉన్నా గానీ, ఆ మాట నా గురించి కూడా అని ఎప్పుడూ తట్టలేదు.

అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ లెక్కలు చూడండి. 2017 నుంచి 2020 మధ్య కాలానికి 2 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో ఊబకాయం లాటినోల్లో 26.2 శాతం, నల్లజాతి పిల్లల్లో 24.8 శాతం. తెల్లవాళ్ల పిల్లల్లో 16.6 శాతం. ఒకప్పుడు 'పెద్దవాళ్ల షుగర్' అని పిలిచిన టైప్-2 డయాబెటిస్ ఇప్పుడు బడికెళ్లే పిల్లలకి కూడా వస్తోంది. అందులోనూ ఈ వర్గాల పిల్లలకే ఎక్కువ.

మొదటిసారి ఈ అంకెలు చూసినప్పుడు "వీళ్లకి తెలియదు, మనం చెప్పాలి" అనుకున్నా. చదువుకున్నవాళ్లకి వచ్చే మొదటి ఆలోచన అదే కదా! ఆ ఆలోచన తప్పని తెలియడానికి నాకు ఒకే ఒక్క క్లాసు పట్టింది.

పది స్పూన్ల పంచదార

సెంటర్‌లో రోజూ ఒకటే వరస. మూడున్నరకి స్కూల్ బస్సు దిగుతారు. ముందు తిండి. తర్వాత హోంవర్క్. తర్వాత ఆట. చివర్లో ఇరవై నిమిషాలు సైన్సు.

ఆ తిండికి డబ్బు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం. చుట్టుపక్కల స్కూల్లో కనీసం సగం మంది పిల్లలు ఉచితంగానో, తగ్గింపు ధరకో భోజనానికి అర్హులైతే ఇలాంటి సెంటర్లకి ఆ డబ్బు వస్తుంది. స్నాక్ అంటే ఏదో ఒకటి పెట్టేస్తే కుదరదు. పాలు, పండు, కూరగాయ, ధాన్యం, మాంసం లేదా దానికి బదులుగా చీజ్, బీన్స్ లాంటివి. ఈ ఐదు రకాల్లో కనీసం రెండు ఉండాలి.

ఆ పాల డబ్బాలు, యాపిల్ ముక్కలు చూస్తే నాకు మా ఊరి మండల పరిషత్ స్కూలు గుర్తొచ్చింది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న భోజనం మొదలైనప్పుడు నేను ఒకటో క్లాసు. పళ్లెం పట్టుకుని లైన్లో నిలబడటం, గుడ్డు పెట్టే రోజున లైను ఇంకా పొడుగ్గా ఉండటం, అన్నీ గుర్తున్నాయి. అమెరికాలో కూడా పిల్లలకి బడి దగ్గర పొద్దున్నే తిండి పెట్టాలన్న పట్టుదల పేదల వాడల్లోనే గట్టిగా వినబడింది. 1969లో ఓక్‌లాండ్‌లో ఒక చర్చిలో బ్లాక్ పాంథర్ పార్టీవాళ్లు నల్లజాతి పిల్లలకి ఉచితంగా టిఫిన్ పెట్టడం మొదలుపెట్టారు. 1966లో ప్రయోగంగా మొదలైన ప్రభుత్వ బడి టిఫిన్ పథకం శాశ్వతం అయింది 1975లో.

సరే, నా మొదటి క్లాసు. 355 మిల్లీలీటర్ల కోక్ క్యాన్ ఒకటి తీసుకెళ్లా. దాని మీద రాసిన పంచదార 39 గ్రాములు. టీ స్పూనుకి సుమారు 4 గ్రాములు. పిల్లలతో ఒక గాజు గ్లాసులో స్పూను స్పూనుగా పోయించా. దాదాపు పది స్పూన్లు! గ్లాసు అడుగున తెల్లగా పేరుకుపోయింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ లెక్కలో పిల్లలు రోజు మొత్తానికి తినదగ్గ అదనపు పంచదార 25 గ్రాముల లోపే.

"చూశారా? ఇంటికెళ్లి అమ్మకి చెప్పండి, ఇవి కొనొద్దని" అన్నా గొప్పగా.

పసుపు బూట్లు వేసుకున్న ఒక పిల్ల చెయ్యెత్తింది. "మా అమ్మకి తెలుసు మిస్. ఆమె రాత్రి షిఫ్టులో ఆఫీసులు క్లీన్ చేస్తుంది. మా పక్కన ఉన్నది గ్యాస్ స్టేషన్ ఒక్కటే. అక్కడ యాపిల్ ఉండదు."

నాకు మాట రాలేదు. ఆ పిల్ల వదల్లేదు. "మీరు టీ తాగుతారా మిస్?"

"నాలుగుసార్లు."

"ఎన్ని స్పూన్లు?"

"రెండేసి."

అందరూ కలిసి గ్లాసులో ఎనిమిది స్పూన్లు పోశారు. 32 గ్రాములు. పెద్దవాళ్లలో ఆడవాళ్లకి కూడా ఆ హార్ట్ అసోసియేషన్ పెట్టిన హద్దు 25 గ్రాములే. నా గ్లాసుని కోక్ క్యాన్ పక్కన పెట్టి పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

ఇంజినీరింగ్ చదివిన నాకు లేబుల్ చదవడం వచ్చు, లెక్కలు వచ్చు, పక్కనే మూడు సూపర్ మార్కెట్లున్నాయి. అయినా నా టీలో ఎనిమిది స్పూన్లు. తెలియకపోవడమే సమస్య అయితే, ముందు బాగుపడాల్సింది నేనే కదా?

నేను కట్టిన బోర్డు

అయినా బుద్ధి రాలేదు. నవంబర్‌లో అసలు తప్పు చేశా.

ఇక్కడి పిల్లలకి పేసర్ అనే పరుగు పరీక్ష ఉంటుంది. 20 మీటర్ల దూరం. బీప్ మోగేలోపు ఈ గీత నుంచి ఆ గీతకి వెళ్లాలి. బీప్‌ల మధ్య సమయం తగ్గుతూ పోతుంది. ఎవరు ఎన్ని రౌండ్లు పరిగెత్తగలిగితే అంత. సెంటర్‌ని నడిపే కోచ్ అవన్నీ పెన్సిల్‌తో ఒక పాత నోట్‌బుక్‌లో రాసుకునేది. ఆవిడకి యాభై దాటాయి. ముప్పై ఏళ్లు స్కూళ్లలో పిల్లల్ని ఆడించి రిటైరైన నల్లజాతి మహిళ.

ఆ పెన్సిల్ రాతలు చూసి నాలో ఇంజినీర్ నిద్ర లేచాడు. శని ఆదివారాలు కూర్చుని ఒక యాప్ రాశా. పిల్లల పేర్లు, రౌండ్లు, ర్యాంకులు. పైన ఉన్నవాళ్లకి పచ్చ రంగు, కింద ఉన్నవాళ్లకి ఎరుపు. మంగళవారం ప్రొజెక్టర్ పెట్టి గోడంతా పరిచా. నిజం చెప్పాలంటే ఆఫీసులో డెమో ఇచ్చినప్పటికంటే ఎక్కువ గర్వపడ్డా.

27 మంది పిల్లలు. 27వ పేరు ఎర్ర హుడీది. 9 రౌండ్లు. గోడ మీద ఎర్రగా.

ఎవరో ఇద్దరు కిసుక్కున నవ్వారు. వాడు ఏమీ అనలేదు. హుడీ టోపీ మీదకి లాక్కుని వెళ్లి ఒక మూల కూర్చున్నాడు.

గురువారం రాలేదు. తర్వాతి మంగళవారం రాలేదు. ఆ గురువారం కూడా రాలేదు.

కోచ్ నన్ను పక్కకి పిలిచింది. తిడుతుందేమో అనుకున్నా. "నీ బోర్డు బాగుంది హనీ. ఒకటే అడుగుతా. అది ఎవరి కోసం?" అంది.

"పిల్లల కోసం. పోటీ ఉంటే ఇంకా బాగా..."

"పైనున్న ముగ్గురూ బోర్డు లేకపోయినా పరిగెత్తుతారు. మనం ఈ తలుపు తెరిచేది మిగిలిన ఇరవై నాలుగు మంది కోసం. ఆ పిల్లాడు స్కూలైపోయాక ఇప్పుడు ఎక్కడుంటాడో తెలుసా? సోఫాలో. ఒక్కడే."

తర్వాత ఇంకో మాట చెప్పింది. పేసర్‌ని స్కూళ్లలో వాడే ఫిట్‌నెస్‌గ్రామ్ పద్ధతి పుట్టింది ఈ డాలస్‌లోనే, కూపర్ ఇన్‌స్టిట్యూట్‌లో, 1982లో. అందులో పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చరు. ఆ వయసుకి ఆరోగ్యంగా ఉండటానికి ఎంత ఉండాలో ఒక గీత ఉంటుంది. పిల్ల ఆ గీతకి ఎంత దూరంలో ఉందన్నదే చూస్తారు. ర్యాంకు అనే మాటే లేదు. దాన్ని తీసుకొచ్చి ర్యాంకుల పట్టీ చేసింది నేను.

మెస్ తలుపు మీద కాగితం

ఆ రాత్రి కారు పార్కింగ్‌లో పెట్టి చాలాసేపు దిగలేదు.

ఇంటర్ నేను ఒక కార్పొరేట్ రెసిడెన్షియల్ కాలేజీలో చదివా. పేరు అక్కర్లేదు, మీలో చాలామంది అలాంటి దాంట్లోనే చదివుంటారు. పొద్దున ఐదున్నరకి స్టడీ అవర్. రాత్రి పదిన్నరకి చివరి స్టడీ అవర్. అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగ్. గ్రౌండ్ అంటే మాకు గ్రౌండ్ ఫ్లోరే. టైమ్ టేబుల్‌లో ఆట అనే మాటే లేదు. హైస్కూల్లోనూ అంతే. డ్రిల్ పీరియడ్ ఉండేది గానీ, పదో తరగతి వచ్చేసరికి దాన్ని లెక్కల సారు తీసేసుకున్నారు.

ఆదివారం పరీక్ష. సోమవారం మెస్ తలుపు మీద ర్యాంకుల కాగితం. టిఫిన్‌కి వెళ్లాలంటే ఆ కాగితం దాటుకుని వెళ్లాలి. ఒక వారం నాది 214. నాతోపాటు లైన్లో ఉన్న అమ్మాయి ఆ నంబరు పైకి చదివింది. అంతే, ఆ సోమవారం నేను టిఫిన్ తినలేదు. ఆ తర్వాత చాలా సోమవారాలు తినలేదు. రూములో బిస్కెట్లు తిని క్లాసుకి వెళ్లేదాన్ని.

పదేళ్ల తర్వాత, సముద్రాలు దాటొచ్చి, అదే కాగితాన్ని నేను ఒక పదేళ్ల పిల్లాడి ముందు గోడ మీద అతికించా. కాకపోతే నాది కలర్ ప్రింట్.

యాప్ ఆ రాత్రే డిలీట్ చేశా.

వాడికి వచ్చిన విద్య

కోచ్ వాళ్ల అమ్మమ్మకి ఫోన్ చేసింది. ఆవిడకి సాయంత్రాలు పని. మనవణ్ని చూసుకోవడానికి సెంటరే దిక్కు. అలా తర్వాతి వారం వాడు తిరిగొచ్చాడు. నా మీద ప్రేమతో కాదు, వేరే దారి లేక.

నేను వెళ్లి సారీ చెప్పా. "ఆ బోర్డు పెట్టడం నా తప్పు. అది ఇక ఉండదు" అన్నా. నా మొహం చూడకుండా "ఓకే" అన్నాడు. అంతే. సినిమాల్లోలాగా కౌగిలించుకోవడాలేవీ జరగలేదు.

ఆ వారం క్లాసు నాడి చూడటం. బొటనవేలు పెట్టకూడదు, దానికి సొంత నాడి ఉంటుంది కాబట్టి లెక్క తప్పుతుంది. చూపుడు వేలు, మధ్య వేలు కలిపి మణికట్టు మీద, బొటనవేలి వైపు ఆనించాలి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. సగం మంది పిల్లలకి నాడి దొరకలేదు. నాకూ నాది చటుక్కున దొరకలేదు. ఎర్ర హుడీకి మాత్రం పెట్టీ పెట్టగానే దొరికేది. ఎవరిదైనా సరే! మిగతా పిల్లలు "నాది చూడు, నాది చూడు" అని వాడి చుట్టూ మూగారు. మూడో రోజుకి కోచ్ వాడికి స్టాప్‌వాచ్ ఇచ్చేసింది.

ర్యాంకుల బదులు ఒక్కొక్కరికి ఒక నోట్‌బుక్ ఇచ్చాం. అందులో ఎవరి అంకెలు వాళ్లవే. ఊరికే కూర్చున్నప్పుడు నాడి ఎంత? పరిగెత్తాక ఎంత? ఒక నిమిషం ఆగాక ఎంతకి దిగింది? గుండె ఒక కండరం. ఆడేకొద్దీ బలపడుతుంది. ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోస్తుంది. కాబట్టి ఊరికే ఉన్నప్పుడు తక్కువసార్లు కొట్టుకుంటే సరిపోతుంది. అలసట నుంచి త్వరగా తేరుకుంటుంది. ఇది పిల్లలకి మంత్రంలా అనిపించింది. తమ లోపల జరిగేది తామే కొలుచుకోవచ్చు, పక్కవాడితో పని లేదు.

అసలు బరువు ఒక్కటే కొలిస్తే ఏమవుతుందో చెప్పే ఒక అధ్యయనం ఉంది. ఓక్‌లాండ్‌లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 8 నుంచి 10 ఏళ్ల నల్లజాతి అమ్మాయిల కోసం స్కూల్ తర్వాత డాన్స్ క్లాసులు పెట్టారు. ఆఫ్రికన్ డాన్స్, హిప్‌హాప్, స్టెప్. రెండేళ్లు నడిపారు. 2010లో ఫలితాలు వచ్చాయి. బీఎంఐలో చెప్పుకోదగ్గ తేడా లేదు! బరువు మిషను మాత్రమే చూసేవాళ్లు 'ఫెయిల్' అని ఫైలు మూసేస్తారు. కానీ ఆ అమ్మాయిల్లో కొలెస్ట్రాల్ తగ్గింది, మనసు దిగులుగా ఉండటం కూడా తగ్గింది. మిషను చూపించని మంచి వాళ్ల ఒంట్లో జరిగింది.

ఇక నా రిపోర్టు

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆ 96 దగ్గరికి వద్దాం.

పెద్దవాళ్లకి నాడి 60 నుంచి 100 మధ్య ఉంటే మామూలే అంటారు. కాబట్టి 96 జబ్బేం కాదు. కానీ పదేళ్ల పిల్లాడు అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. జనవరిలో వెళ్లి రక్త పరీక్ష చేయించుకున్నా.

హెచ్‌బీఏ1సీ 5.9. అంటే మూడు నెలల సగటు షుగర్ లెక్క. 5.7 నుంచి 6.4 దాకా ప్రీ డయాబెటిస్. 6.5 గానీ ఆపైన గానీ ఉంటే డయాబెటిస్. నాకు 28 ఏళ్లు. చూడ్డానికి సన్నగానే ఉంటా. నా బీఎంఐ 24, చార్టు ప్రకారం నార్మల్.

డాక్టర్ నవ్వింది. "ఆ చార్టులో నార్మల్ 25 దాకా. మీ ఏషియన్స్‌కి షుగర్ పరీక్ష చేయాల్సిన గీత 23." మనవాళ్లకి అదే బరువు దగ్గర పొట్ట చుట్టూ, లోపలి అవయవాల చుట్టూ కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో ఆసియావాళ్లకి ఆ గీతని 23కి దించింది. మా నాన్నకి షుగర్ వచ్చింది 45 ఏళ్లకి. నేను ఆయన్ని కూడా దాటేసేలా ఉన్నా!

మైనారిటీ పిల్లల ఆరోగ్యం కోసం అని అక్కడికి వెళ్లిన నేను, అసలు ఆ మైనారిటీ పిల్లని నేనే అని అప్పుడు అర్థమైంది. ఆట లేకుండా, ఎండ తగలకుండా, ర్యాంకు చుట్టూ పెరిగిన పిల్లని.

వచ్చే మంగళవారం పిల్లలకి నా రిపోర్టు చూపించా. అదే ఆ రోజు పాఠం. ఒంట్లో చక్కెర కండరంలోకి వెళ్లాలంటే తలుపుకి తాళం చెవి ఇన్సులిన్. ఆ చెవి మొరాయించినప్పుడు చక్కెర రక్తంలోనే ఉండిపోతుంది. కానీ కండరం పని చేస్తున్నప్పుడు ఇంకో తలుపు తెరుచుకుంటుంది, దానికి ఆ తాళం చెవితో పెద్దగా పని లేదు. అందుకే భోజనం చేశాక కాసేపు నడిస్తే షుగర్ దిగుతుంది.

"అయితే మీకు జబ్బా మిస్?" పసుపు బూట్ల పిల్ల.

"ఇంకా రాలేదు. గుమ్మం దగ్గర ఉంది."

"అయితే లేవండి" అన్నాడు ఎర్ర హుడీ, స్టాప్‌వాచ్ చేతిలో పట్టుకుని.

ఆ రోజు మొదటిసారి పేసర్ పరిగెత్తా. 11 రౌండ్లు. ఊపిరి అందక నేల మీద కూలబడితే వాడొచ్చి నాడి చూసి నా పేరు మీద కొత్త నోట్‌బుక్ తెరిచాడు.

నాలాంటివాళ్లకి ధైర్యం ఇచ్చే లెక్క ఒకటుంది. 2002లో అమెరికాలో డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అని పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. మూడు వేల మందికి పైగా పాల్గొన్నారు, అందులో 45 శాతం మైనారిటీలే. వారానికి 150 నిమిషాలు నడక లాంటి వ్యాయామం, బరువులో 7 శాతం తగ్గడం అన్న లక్ష్యంతో పని చేసినవాళ్లలో షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో తగ్గింది 31 శాతం.

వేసవి సెలవుల లెక్క

ఇంతవరకూ బాగానే ఉంది కదా? అసలు చిక్కు ఇప్పుడుంది.

జార్జియా రాష్ట్రంలోని అగస్టాలో ఫిట్‌కిడ్ అని ఒక ప్రయోగం జరిగింది. 18 స్కూళ్లు. మూడో తరగతి పిల్లలతో మొదలుపెట్టి మూడేళ్లు నడిపారు. స్కూల్ అయ్యాక స్నాక్, చదువు, 80 నిమిషాల ఆట. స్కూళ్లు నడిచినన్నాళ్లూ పిల్లల ఒంట్లో కొవ్వు తగ్గింది, దమ్ము పెరిగింది. వేసవి సెలవులు రాగానే మళ్లీ మొదటికొచ్చింది! ప్రోగ్రామ్‌లో లేని పిల్లలతో సమానం అయిపోయారు. మళ్లీ స్కూల్ తెరిస్తే మళ్లీ లాభం. మళ్లీ వేసవి, మళ్లీ నష్టం.

నేను ఇది చదివి దిగులుపడితే కోచ్ మాత్రం "దిగులెందుకు? పని చేస్తోందని తేలింది కదా" అంది.

ఆలోచిస్తే ఆవిడదే కరెక్ట్. మనం ఆరోగ్యాన్ని డిగ్రీ సర్టిఫికెట్‌లా చూస్తాం. ఒకసారి వస్తే ఫ్రేమ్ కట్టుకోవచ్చని. కానీ అది సర్వర్ లాంటిది. నడుస్తున్నంతసేపే నడుస్తుంది. కరెంటు తీసేసి, 'నిన్నటిదాకా బానే పనిచేసింది కదా, ఇప్పుడేమైంది?' అని అడిగే మేనేజర్‌ని మనం ఏమంటాం?

ఈ పిల్లలకి కావాల్సింది పోస్టర్ కాదు, ఉపన్యాసం కాదు, నా యాప్ అసలే కాదు. మూడున్నరకి తెరిచుండే ఒక తలుపు. ఒక యాపిల్. కాసేపు భయం లేకుండా పరిగెత్తడానికి ఒక చోటు. రోజూ కనిపించే ఒక పెద్ద మనిషి. ఉన్నవాళ్ల పిల్లలకి ఇవన్నీ ఎలాగూ ఉంటాయి, సాకర్ క్లాస్, స్విమ్మింగ్, వేసవి క్యాంపు అన్న పేర్లతో. మన ఫ్రిస్కో వాట్సాప్ గ్రూపుల్లో ఫిబ్రవరి నుంచే వేసవి క్యాంపుల లింకులు తిరుగుతుంటాయి. ఐ-30కి అవతల ఆ రెండు నెలలూ తలుపు మూసేస్తే, తొమ్మిది నెలల కష్టం అక్కడే కరిగిపోతుంది.

ఏప్రిల్‌లో సెంటర్ నుంచి కబురొచ్చింది. డబ్బు తక్కువ, ఈ వేసవికి ఆరు వారాలే నడుపుతాం అని. మిగతా వారాల సంగతి? కోచ్ తన తాళం చెవుల గుత్తి ఊపుతూ "ఎవరైనా ఉంటారా?" అని వాలంటీర్లని అడిగింది. నలుగురం చేతులెత్తాం. వారానికి రెండు సాయంత్రాలు, మంగళ, గురు. రోజూ కాదు. కానీ సున్నా కంటే రెండు ఎక్కువే.

మే చివరి వారం నోట్‌బుక్‌లు తీసి చూసుకున్నాం. ఎర్ర హుడీ నాడి 84 నుంచి 76కి వచ్చింది. నిద్ర, జ్వరం, భయం, దేనికైనా నాడి మారుతుంది కాబట్టి ఒక్క అంకెని నమ్మకూడదని వాడే మాకు గుర్తు చేశాడు. పేసర్‌లో 9 నుంచి 17కి వెళ్లాడు. అది 27 మందిలో ఎన్నోదో నాకు తెలియదు. ఎవరూ లెక్కపెట్టలేదు.

నాది 96 నుంచి 84. ఏ1సీ 5.9 నుంచి 5.7. ఇంకా గుమ్మం మీదే ఉన్నా, కాకపోతే ఇప్పుడు బయటి వైపు చూస్తూ. టీలు రెండు. స్పూను అర. అన్నం తిన్నాక పావుగంట నడక. అదే సమయానికి ఖమ్మం దగ్గర మా నాన్న టిఫిన్ చేసి నడుస్తుంటారు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఇద్దరం నడుస్తాం. "తల్లీ, నాడి ఎంతుంది ఇవ్వాళ?" అని అడుగుతారు. ఆయనకి నాడి చూసుకోవడం నేర్పింది నేనే. నాకు నేర్పిందెవరో ఆయనకి తెలుసు.

సెలవులకి ముందు రోజు ఎర్ర హుడీ నా నోట్‌బుక్ నా చేతిలో పెట్టాడు. "రోజూ రాయండి మిస్. మీరు రాని రోజులు కూడా. ఆగస్టులో స్కూల్ తెరిచాక మొత్తం చూస్తా."

ఇది రాస్తున్నప్పుడు జూలై నడుస్తోంది. బయట ఎండ మండిపోతోంది. నోట్‌బుక్ పక్కనే ఉంది. అందులో మూడు రోజులు ఖాళీగా ఉన్నాయి. వాడికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నా.